సిబిల్ ‘-1’ అంటే చెడ్డ స్కోరు కాదండీ: మొదటి క్రెడిట్ కార్డుపై అపోహలు - వాస్తవాలు

బ్యాంకులో కార్డుల దరఖాస్తులు చూసే డెస్కు నాది. కాలేజీల నుంచి కొత్త బ్యాచ్‌లు ఉద్యోగాల్లో చేరే రోజులొస్తే చాలు, ఒకే ప్రశ్న పది రకాలుగా వస్తుంది. మొదటి జీతం పడింది, కార్డు కావాలి, ఫోన్‌లో సిబిల్ (అప్పులు కట్టే తీరును బట్టి ఇచ్చే స్కోరు) చూసుకున్నారు, అక్కడ ‘-1’ అనో ‘ఎన్‌హెచ్’ (నో హిస్టరీ) అనో కనిపించింది. ఇక టెన్షన్ మొదలు. దానికి తోడు రూమ్మేట్ ఒక మాట, యూట్యూబ్ ఒక మాట. భయపడే పిల్లల్ని నేనేమీ అనను, నా విసుగంతా తెలిసినట్టు చెప్పేవాళ్ల మీదే.

అపోహ: “సిబిల్ మైనస్‌లో ఉంది, ఇక నాకు కార్డు రాదు.”

స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. మైనస్ ఒకటి ఆ కొలతలోకే రాదు. మీ పేరు మీద అప్పుల లెక్క ఇంకా ఏదీ మా దగ్గర లేదని క్రెడిట్ బ్యూరో, అంటే అందరి అప్పుల లెక్కలు రాసిపెట్టే సంస్థ, చెప్పే పద్ధతి అది. పరీక్షే రాయనివాడి మార్కుల గడి ఖాళీగా ఉంటే ఫెయిలయ్యాడు అనం కదా! 560 స్కోరున్న మనిషి అప్పు తీసుకుని కట్టడంలో ఎక్కడో తడబడ్డాడు. మీరు అసలు మొదలే పెట్టలేదు. ఇద్దరి ఫైళ్లనూ మేం ఒకేలా చూడం.

చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు అడిగేవాళ్ల దరఖాస్తు తోసిపుచ్చవద్దని 2025 జనవరి 6 నాటి మాస్టర్ డైరెక్షన్‌లో ఆర్‌బీఐ రుణసంస్థలకు సూచించింది. ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులోనూ ఈ సంగతి చెప్పింది. అది వాట్సాప్‌కు చేరేసరికి “ఇక సిబిల్ అక్కర్లేదు, అందరికీ లోన్లే” అయి కూర్చుంది. అలాంటిదేమీ లేదు. మీ జీతం, ఉద్యోగం, ఖాతా నడిచిన తీరు బ్యాంకు చూస్తుంది. నచ్చకపోతే కాదంటుంది కూడా.

అపోహ: “పది చోట్ల అప్లై చేస్తే ఒక చోటైనా తగులుతుంది.”

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. మిగతావి ఏమరుపాటున చదివినా ఫర్వాలేదు, దీన్ని మాత్రం నింపాదిగా చదవండి.

మీరు కార్డుకు దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ ఆ బ్యాంకు బ్యూరో నుంచి మీ రిపోర్టు తెప్పించుకుంటుంది. దాన్నే హార్డ్ ఎంక్వైరీ అంటాం. ఏ సంస్థ, ఏ తేదీన, దేనికోసం, ఎంత మొత్తానికి అడిగిందో రిపోర్టు చివర్లో వరసగా నమోదవుతుంది. మామూలు ఖాతాదారుడికి నాలుగైదు పాత అప్పులు సవ్యంగా కట్టిన చరిత్ర ఉంటుంది, వాటి మధ్య ఒకటి రెండు ఎంక్వైరీలు ఎవరి కంటా పడవు. మీ రిపోర్టులో ఖాతాల పేజీ ఖాళీ. ఉన్నవల్లా ఎంక్వైరీలే. చూసేవాడికి మీ గురించి తెలిసేది ఒక్కటే, ఈ మనిషి వారం రోజులుగా డబ్బు కోసం తిరుగుతున్నాడని. మీరు అడిగింది క్యాష్‌బ్యాక్ కోసమని అందులో ఎక్కడా రాసి ఉండదు. ఫలానా బ్యాంకు కాదందని కూడా రాసి ఉండదు. కానీ ఎంక్వైరీలున్నాయి, ఖాతా మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదంటే ఏం జరిగిందో మాకు అర్థం కాదా?

ఆ మధ్య ఒక కుర్రాడు వచ్చాడు. చిన్న కంపెనీ, జీతం బాగానే ఉంది. “సార్, ఒకళ్లు రిజెక్ట్ చేశారు. ఎవరో ఒకరు ఇస్తారు కదా అని ఆదివారం కూర్చుని అన్నింటికీ పెట్టేశాను” అన్నాడు. రిపోర్టు తెరిస్తే మొత్తం అదే వరస. మొదటి రిజెక్షన్ ఎందుకొచ్చిందో కనుక్కున్నావా అంటే లేదన్నాడు. కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాం. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, పేరు తర్వాత ఉంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు ముందు, పొడి అక్షరంగా ఉంది. మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇది ఎంత మామూలో చెప్పక్కర్లేదు. కంప్యూటర్‌కి మాత్రం వాళ్లు ఇద్దరు మనుషులు. ఆధార్‌లో పేరు సరిచేసుకుంటే పోయేదానికి రిపోర్టంతా పాడుచేసుకున్నాడు. కొన్ని నెలలు ఎక్కడా అప్లై చేయకుండా ఆగమని చెప్పి పంపాను. వాళ్లమ్మగారు కూడా వచ్చారు పాపం, “మావాడి మీద కేసేమన్నా అవుతుందా బాబూ” అని అడిగారు. కేసూ లేదు, గీసూ లేదమ్మా, కొంచెం ఓపిక పడితే చాలన్నాను.

కాబట్టి ఒక చోట కాదన్నారంటే అక్కడే ఆగి, ఎందుకో అడగండి. 2022లో ఆర్‌బీఐ ఇచ్చిన కార్డుల మార్గదర్శకాల ప్రకారం, దరఖాస్తు తిరస్కరిస్తే నిర్దిష్టమైన కారణాన్ని కార్డు సంస్థ రాతపూర్వకంగా చెప్పాలి. కారణం చాలాసార్లు హిస్టరీ కానే కాదు. చిరునామా కలవకపోవడం, ఉద్యోగంలో చేరి నెల కూడా కాకపోవడం, మీ పిన్‌కోడ్‌లో ఆ బ్యాంకు కార్డు ఇవ్వకపోవడం లాంటివే ఎక్కువ.

మొదటి దరఖాస్తు జీతం పడే బ్యాంకులోనే పెట్టండి. మీ డబ్బు రాకపోకలు వాళ్ల కళ్ల ముందే ఉంటాయి, బయటి బ్యాంకుకు ఆ వీలు లేదు. వాళ్లు కాదంటే నేరుగా ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) హామీ మీద ఇచ్చే కార్డుకు వెళ్లిపోండి. మధ్యలో ఇంకెక్కడా ఆగక్కర్లేదు.

అపోహ: “ఎఫ్‌డీ మీద ఇచ్చేది అసలు కార్డే కాదు.”

అసలు కార్డే. మీరు డిపాజిట్ చేసిన సొమ్ము మీద బ్యాంకు లీన్ (బాకీకి హామీగా పట్టి ఉంచుకునే హక్కు) పెట్టుకుని, అందులో కొంత శాతం లిమిట్‌గా ఇస్తుంది. 75 నుంచి 90 శాతం మామూలు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ. డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది. చాలా బ్యాంకులు జీతం కాగితాలు కూడా అడగవు, అందుకే చదువుకునేవాళ్లకి, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లకి, సొంత పని చేసుకునేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. ఈ కార్డు చెల్లింపుల్ని బ్యూరోలకు పంపుతారా అని తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి, మనకు కావలసింది ఆ నమోదే. క్రమంగా కడుతూ పోతే ఆరు నెలలకు అటూ ఇటూగా స్కోరు కనిపించడం మొదలవుతుంది.

దీనికి తోకలా ఇంకో అపోహ ఉంది: “ఎఫ్‌డీ ఉందిగా, బిల్లు కట్టకపోతే అందులోంచి తీసుకుంటారు.” ఒక పెద్దాయన ఇలాగే నమ్మి మూడు బిల్లులు వదిలేశారు. బ్యాంకు నెలనెలా ఎఫ్‌డీలోంచి కోసుకోదు. బకాయి మీద వడ్డీ, లేటు ఫీజు పెరుగుతూ పోయి, చివరికి వాళ్లకు గతిలేనప్పుడు డిపాజిట్ మీద చెయ్యి వేస్తారు. ఈలోగా ఎన్ని రోజులు ఆలస్యమైందో మామూలు కార్డుకు నమోదైనట్టే మీ రిపోర్టులోనూ నెలవారీగా నమోదైపోతుంది. చరిత్ర లేనివాడు కాస్తా చెడ్డ చరిత్ర ఉన్నవాడవుతాడు.

లిమిట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 20,000 ఎఫ్‌డీకి 90 శాతం చొప్పున 18,000 లిమిట్ వచ్చిందనుకోండి. 15,000 పెట్టి ఫోన్ కొంటే 83 శాతం వాడేసినట్టు. ఎప్పుడూ 30 శాతం లోపు ఉంచుకోవడం మంచిదని మేం చెబుతాం, అది చట్టమేమీ కాదు. పెద్ద ఖర్చు తప్పకపోతే స్టేట్‌మెంట్ తేదీకి, అంటే బిల్లు తయారయ్యే రోజుకు, ముందే కొంత కట్టేయండి.

ఇక మిగతావి గబగబా.

సొంత స్కోరు చూసుకుంటే తగ్గదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు బ్యూరోలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అప్లై చేసే ముందు తప్పకుండా చూసుకోండి. హిస్టరీ లేదనుకున్నవాళ్ల రిపోర్టులో ఎప్పుడో వాడి మరిచిపోయిన ‘పే లేటర్’ (ఇప్పుడు కొని తర్వాత కట్టే పద్ధతి) బకాయి బయటపడటం నేను చాలాసార్లు చూశాను. మీది కాని అప్పు కనిపిస్తే బ్యూరోకి ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయలు మీకు పరిహారంగా ఇవ్వాలి.

సేవింగ్స్ ఖాతాలో లక్షలున్నా, రోజంతా యూపీఐ కొట్టినా స్కోరు రాదు. అది మీ డబ్బు, అప్పు కాదు. నాన్న సిబిల్ బాగోలేకపోతే మీకు అంటుకోదు, ఆయన అప్పుకు మీరు హామీ సంతకమో ఉమ్మడి సంతకమో పెడితే తప్ప. హిస్టరీ కోసమని అక్కర్లేని ఫోన్ ఈఎంఐలో కొనక్కర్లేదు.

మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) కడితే చాలు అన్నది స్కోరు వరకే నిజం. మిగిలిన బాకీకి వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే ఏడాదికి 42 శాతం, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. పైగా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా పోతుంది. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ. పూర్తి బిల్లుకు ఆటో డెబిట్ పెట్టేసుకోండి, గొడవ వదులుతుంది.

“మూడు వేలు కట్టండి, కార్డు గ్యారంటీ, సిబిల్ 750 చేయిస్తాం” అంటూ ఫోన్ చేసేవాళ్లుంటారు. ఏ బ్యాంకూ కార్డు ఇవ్వడానికి ముందే ఎవరి సొంత నంబరుకో డబ్బు పంపమనదు. సరిగ్గా నమోదైన చెల్లింపుల్ని మార్చడం ఎవరి వల్లా కాదు. ఓటీపీ ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పొద్దు. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాత మీ బ్యాంకుకి చెప్పండి.