పదికి పది ఇవ్వండి సార్

మొన్న వానాకాలంలో ఒక ఫోన్ కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి బయటికొచ్చి బండి తీస్తుంటే, కౌంటర్‌లో కూర్చునే అబ్బాయి వెనకే పరిగెత్తుకుంటూ వచ్చాడు. "సార్, కంపెనీ నుంచి మెసేజ్ వస్తుంది, పదికి పది ఇవ్వండి సార్, ఎనిమిది ఇచ్చినా మాకు మాట పడుతుంది" అన్నాడు. ఇంతా చేసి నా ఫోన్ బాగవలేదు. తొమ్మిది నెలల కిందట కొన్నది, ఉన్నట్టుండి ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. మూడుసార్లు తిరిగాను. మూడోసారి ఆ అబ్బాయే సిమ్ ట్రే లాగి, లోపలికి టార్చ్ కొట్టి, గుండుసూది తలంత స్టిక్కర్ ఒకటి చూపించాడు. అది తెల్లగా ఉండాలట, నాది ఎర్రబడిందట. ఎర్రబడితే లోపలికి తడి వెళ్లినట్టు, తడి వెళ్తే వారంటీ లేనట్టు, వారంటీ లేదు కాబట్టి బోర్డు మార్చడానికి 13,400 రూపాయలు. నేను నీళ్లలో వేయలేదు బాబూ అంటే "సిస్టమ్ తీసుకోదు సార్" అన్నాడు.

ఈ పది మార్కుల గొడవ ఎక్కడ మొదలైందా అని తర్వాత చూశాను. 2003లో అమెరికాలో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే బిజినెస్ కన్సల్టెంట్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశాడు. కస్టమర్‌ని సవాలక్ష ప్రశ్నలు అడగక్కర్లేదు, మా కంపెనీ గురించి మీ వాళ్లకి చెప్తారా అని ఒక్కటి అడిగి, సున్నా నుంచి పది లోపు ఒక అంకె రాబట్టుకుంటే చాలన్నాడు. 9, 10 ఇస్తే ప్రమోటర్, అంటే మన గురించి మంచి చెప్పేవాడు. 7, 8 ఇస్తే ఎటూ కాదు. ఆరు, అంతకు తక్కువ ఇస్తే మన గురించి చెడు చెప్పేవాడు. మొదటివాళ్ల శాతంలోంచి చివరివాళ్ల శాతం తీసేస్తే వచ్చేదే నెట్ ప్రమోటర్ స్కోర్. మనకి చిన్నప్పటి నుంచీ పదికి ఎనిమిదంటే మంచి మార్కులే కాబట్టి, పాపం మంచి మనసుతోనే ఎనిమిది వేస్తాం, అక్కడ ఆ పిల్లాడు తిట్లు తింటాడు.

అసలు బ్రాండ్ పిచ్చి మన ఇళ్లలో ఎవరూ మార్కులు అడగకముందే దండిగా ఉండేది. వాచీ అంటే హెచ్‌ఎంటీ. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైన ఆ వాచీ చేతికి లేకుండా పెళ్లికొడుకు పీటల మీద కూర్చున్న ఫొటో పాత ఆల్బమ్‌లలో వెతికితే గానీ దొరకదు. హైదరాబాద్ వాళ్లకి అల్విన్ ఉండేది, సనత్‌నగర్‌లో ఫ్రిజ్‌లు చేసింది, బస్సులకి బాడీలు కట్టింది, సీకో సాయంతో వాచీలూ చేసింది. టీవీ అయితే ఈసీ, అంటే 1967లో పెట్టిన ఈసీఐఎల్ వాళ్లది. ఇప్పుడు అల్విన్ కంపెనీ లేదు, అల్విన్ కాలనీ మాత్రం ఉంది. నిజం చెప్పుకోవాలంటే ఆ అభిమానంలో సగం గత్యంతరం లేకపోవడమే, షాపులో ఉండేవే మూడు నాలుగు రకాలు, అందులో ఒకటి కొనుక్కుని ఇరవై ఏళ్లు కాపాడుకోవాలి.

మిగతా సగం సంగతే ఎవరూ సరిగ్గా చెప్పరు. టీవీలో బొమ్మ పోతే మా ఇంట్లో ఎవరూ కంపెనీకి ఉత్తరం రాయలేదు. వీధి చివర రేడియో రిపేర్ షాపాయన్ని పిలిచేవాళ్లం. ఆయన వచ్చి, వెనక డబ్బా విప్పి, సాల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపు టీ తాగి, పొగలోంచి తొంగిచూస్తూ అరగంటలో తేల్చేవాడు. పోతూ పోతూ "మళ్లీ కొంటే ఫలానాది తీసుకోండి బాబాయ్, దీని స్పేర్లు ఊళ్లోనే దొరుకుతాయి" అని మా నాన్న చెవిలో వేసేవాడు. తర్వాతి టీవీ అదే వచ్చేది. మనం బ్రాండ్ లాయల్టీ అని పేరు పెట్టుకున్నది చాలావరకు ఆ మనిషి మీద నమ్మకం. కంపెనీ పేరు ఆయన నోటి గుండా మన ఇంట్లోకి వచ్చింది, అంతే.

నోకియా ఒక్కటే దీనికి కాస్త మినహాయింపు. సరిగ్గా ఆ వ్యాసం వచ్చిన 2003లోనే నోకియా 1100 వచ్చింది, దుమ్ము దూరని కీప్యాడ్, తల మీద టార్చ్. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లు అమ్ముడుపోయింది. 2007 ఆగస్టులో బీఎల్-5సీ బ్యాటరీలు కొన్ని ఛార్జింగ్ పెట్టినప్పుడు వేడెక్కవచ్చని కంపెనీయే ప్రకటించింది, వాళ్లు గుర్తించిన బ్యాటరీలు 4.6 కోట్లు. ఫోన్ వెనక మూత తీసి, బ్యాటరీ మీద 26 అక్షరాల నంబర్ కళ్లు చికిలించుకుని చదువుకుని సరిచూసుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. వాళ్లు ఊరికే మార్చి ఇచ్చారు, జనం మళ్లీ నోకియాయే కొన్నారు. తప్పు జరిగినందుకు ఎవరూ వదిలిపోలేదు. డబల్ సిమ్ ఇవ్వడంలో ఆలస్యం చేశారు, ఆండ్రాయిడ్ వద్దనుకున్నారు, అప్పుడు పోయారు. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో ఉన్న వాళ్ల ఫ్యాక్టరీ 2014 నవంబర్‌లో మూతపడింది.

అదే 2014 జులైలో షావోమీ మన దేశంలోకి వచ్చింది, ఎంఐ 3 ఫోన్ 13,999కి, షాపులో కాదు, ఫ్లిప్‌కార్ట్‌లో. నిమిషాల్లో అయిపోయేవి, ఆఫీసులో పని మానేసి బటన్ నొక్కుతూ కూర్చునేవాళ్లం. మరుసటి ఏడాదికల్లా శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ అనే కంపెనీ చేత ఇక్కడే తయారు చేయించారు. ధర తగ్గింది, మంచిదే, నేనూ కొన్నాను. కానీ కొన్న షాపుకెళ్లి "ఏందన్నా ఇట్లాంటిది అంటగట్టావ్" అని గొడవ పెట్టుకునే వీలు ఆన్‌లైన్‌లో పోయింది.

రిపేర్ చేసేవాణ్ణీ మెల్లమెల్లగా తప్పించారు. 2007లో మొదటి ఐఫోన్ బ్యాటరీ తీయడానికి వీల్లేకుండానే వచ్చింది. తర్వాత మామూలు స్క్రూడ్రైవర్‌కి లొంగని అయిదు రేకుల స్క్రూలు పెట్టారు. బ్యాటరీ ఊడదీసుకోవచ్చని గొప్పగా చెప్పుకున్న శాంసంగ్ కూడా 2015లో గెలాక్సీ ఎస్6తో మూత అతికించేసింది. సన్నగా ఉండాలి, నీళ్లు దూరకూడదు అన్న కారణాలు అబద్ధం కాదు. కానీ 2017 డిసెంబర్ సంగతి చూడండి. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగం తామే తగ్గిస్తున్నామని యాపిల్ ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్చే ధర 79 డాలర్ల నుంచి 29కి దించింది. 2019 జనవరిలో యాపిల్ సీఈఓ టిమ్ కుక్ ఇన్వెస్టర్లకి రాసిన ఉత్తరంలో, కొత్త ఐఫోన్లు అనుకున్నంత పోకపోవడానికి చెప్పిన కారణాల్లో ఈ చవక బ్యాటరీలూ ఒకటి. అంటే పాత ఫోన్ బాగుపడితే జనం దాంతోనే ఉంటారు. నా దృష్టిలో లాయల్టీ అంటే అదే, వాళ్ల లెక్కలో మాత్రం అది తగ్గిన అమ్మకం.

ఇప్పుడు ఒకే కంపెనీని పట్టుకుని ఉన్నవాళ్లలో చాలామందిది అభిమానం కూడా కాదు. ఫొటోలన్నీ వాళ్ల క్లౌడ్‌లో ఉన్నాయి, వాచీ ఇంకో ఫోన్‌కి కలవదు, మారాలంటే టెన్షన్.

చట్టం మన వైపు లేదని అనను. వినియోగదారుల రక్షణ చట్టం 1986 నుంచీ ఉంది, 2020 జులైలో అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. రిపేర్ హక్కు కోసం కేంద్రం 2022 డిసెంబర్ 24న ఒక పోర్టల్ తెరిచింది. ఫ్రాన్స్‌లో 2021లో, ఫోన్‌ని రిపేర్ చేయడం ఎంత సులువో పదికి మార్కులు వేసి అమ్మేచోటే రాసి పెట్టాలని రూల్ తెచ్చారు. ఇక్కడా అలాంటి సూచీ పెట్టాలని 2025 మేలో ఒక కమిటీ రిపోర్ట్ ఇచ్చింది. మార్కులు మనం వాళ్లకివ్వడం కాకుండా వాళ్లు మనకి చూపించడం అన్నమాట, ఇది నాకు నచ్చింది.

నా ఫోన్ సంగతికొస్తే, హైదరాబాద్ అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్‌కి, ఒక రిపేర్ షాపాయన దగ్గరికి పట్టుకెళ్లాను. బల్ల కింద హెయిర్ డ్రయ్యర్ లాంటి దానితో మూత వేడిచేసి ఊడదీశాడు, మెయిన్ బోర్డుని ముట్టుకోనే లేదు, కింద చిటికెన వేలంత ఛార్జింగ్ బోర్డు మార్చాడు. 850 రూపాయలు. ఎర్ర స్టిక్కర్ చూపిస్తే నవ్వి, "అది మాకు పనికిరాదు సార్" అన్నాడు.

ఆ సాయంత్రమే కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది, మా గురించి మీ స్నేహితులకి చెప్తారా అని. సున్నా దాకా వేలు వెళ్లింది. బండి వెనక పరిగెత్తుకొచ్చిన ఆ పిల్లాడు గుర్తొచ్చి పది నొక్కాను. జగదీష్ మార్కెట్ బోర్డుతో ఛార్జింగ్ ఎక్కిన ఫోన్‌లోంచే.