మైక్రోమొజాయిక్ ఫలకాన్ని కడగకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

మైక్రోమొజాయిక్ అంటే సన్నని గాజు ముక్కలను దగ్గరదగ్గరగా పేర్చి, రోమ్ కట్టడాల వంటి దృశ్యాలను చూపే చిన్న బొమ్మ. అలాంటి ఫలకాలను బాగుచేయడం నా పని.

అపోహ: గాజే కదా, నీళ్లతో కడిగితే ఏమవుతుంది?

ఇది నా దగ్గరకు ప్రశ్నగా వస్తే సంతోషమే. చాలాసార్లు కడిగేశాకే ఫోను వస్తుంది. కొలోసియం మీద ఆకాశం బూడిద రంగుకు తిరిగిందనీ, సెయింట్ పీటర్స్ చర్చి ముందరి మైదానం మసకబారిందనీ సబ్బు నురగలో ముంచినవారే ఎక్కువ.

వాస్తవం: గాజుకు ఏమీ కాదు. గాజును పట్టి ఉంచినవన్నీ పాడవుతాయి. 18వ శతాబ్ది చివర్లో జాకొమో రఫాయెల్లి వంటి రోమ్ కళాకారులు స్మాల్టో అనే రంగు గాజును మంట మీద కరిగించి, సన్నని దారంలా లాగి, తుంచి, ఆ ముక్కలను పట్టకారుతో ఒక్కొక్కటిగా లప్పంలో నిలబెట్టారు. సున్నం, ట్రావర్టీన్ రాతి పొడి, అవిసె నూనె వంటివి కలిపిన ఆ లప్పం మెల్లగా ఆరుతుంది. అందుకే పనివాడికి తీరిగ్గా సర్దుకునే వీలు దొరికేది. అది గట్టిపడ్డాక సందుల్లో రంగు మైనం నింపి, పైతలాన్ని అరగదీసి మెరుగు పెట్టేవారు. మేలైన పనిలో చదరపు అంగుళానికి 3,000కు పైగా ముక్కలుంటాయి. అన్ని ముక్కల మధ్య ఎన్ని సందులుంటాయో ఊహించుకోండి.

మీరు మురికి అనుకునేది చాలావరకు ఆ సందుల్లో దుమ్ము పట్టి నల్లబడిన మైనం. టర్పెంటైన్ వంటి ద్రావకం దాన్ని కరిగించేస్తుంది. నీళ్లు సందుల్లోంచి దిగి పాత లప్పాన్ని వదులు చేస్తాయి, అడుగున రాగి పళ్లెం ఉంటే దానికి చిలుము పట్టిస్తాయి. నగల దుకాణాల్లో ఉండే, శబ్ద తరంగాల కంపనంతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ తొట్టి సంగతి చెప్పనే అక్కర్లేదు. ముక్కలను కదిలించి ఊడదీయడానికి అంతకంటే మంచి యంత్రం లేదు!

ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఒక తెలుగు డాక్టరమ్మ వేలంలో కొన్న రోమన్ ఫోరం (ప్రాచీన రోమ్ నగర కూడలి) ఫలకాన్ని ఎవరో చెప్పిన మాట విని అలాంటి తొట్టిలోనే వేయించారు. నా దగ్గరకు తెచ్చేసరికి వెస్పాసియన్ గుడి మూడు స్తంభాలూ నిలిచే ఉన్నాయి, వాటి వెనుక ఆకాశం మాత్రం కాగితం పొట్లంలో ఉంది. "ఇంక పారేయాల్సిందేనా అండీ?" అని అడుగుతుంటే ఆవిడ గొంతు వణికింది. "పొట్లం తెచ్చారు కదమ్మా, సగం పని మీరే చేశారు" అన్నాను. ఊడిన ముక్కల్లో చాలా వాటిని వాటి చోటికే చేర్చగలిగాం. కొద్దిచోట్ల మైనంతో రంగు సరిపెట్టాం. దగ్గరగా చూస్తే తెలుస్తుంది, తెలియాలి కూడా.

కాబట్టి రెండు మూడు ముక్కలు రాలాయని కంగారు పడకండి. వాటిని పొట్లం కట్టి, ఎక్కడివో ఫోటో మీద గుర్తు పెట్టుకోండి. దయచేసి సూపర్ గ్లూ జోలికి పోకండి. దాన్ని వదిలించడానికి పట్టే శ్రమ ముక్క అతికించడానికి పట్టదు. ఫలకాన్ని పడుకోబెట్టి ఉంచండి, పైన దూది పరచకండి, పోగులు అంచులకు చిక్కుకుంటాయి. దుమ్ము దులపాలంటే ముందు భూతద్దంతో వదులు ముక్కలున్నాయేమో చూసి, లేకపోతేనే మెత్తని పొడి కుంచె వాడండి. హీటరు పైన గోడకు తగిలించవద్దు.

మిగతా అపోహల సంగతి త్వరగా చెబుతాను.

"ఇవి రత్నాలు, రంగురాళ్లు." కావు, అపారదర్శకమైన రంగు గాజు. రాళ్లను ఆకారాలకు కోసి అతికేది ఫ్లారెన్స్ పియెత్రా దూరా, అది వేరే పని.

"ప్రతిదీ వాటికన్‌లో చేసిందే." అమ్మేవాళ్లకు ఇష్టమైన మాట ఇది. వాటికన్ మొజాయిక్ కార్యశాల ప్రధానంగా సెయింట్ పీటర్స్ బసిలికాలోని పెద్ద చిత్రాల కోసం ఏర్పడింది. యాత్రికులు కొనుక్కెళ్లిన చిన్న ఫలకాలు ఎక్కువగా రోమ్‌లోని పియాజా ది స్పాన్యా కూడలి చుట్టుపక్కల ప్రైవేటు దుకాణాల నుంచి వచ్చినవే.

"సంతకం లేదు కాబట్టి నకిలీ." సంతకం ఉన్నవే తక్కువ. నకిలీ అనుమానం ఉంటే భూతద్దం పెట్టండి. విడివిడి గాజు కొసలు, వాటి మధ్య గీతలు కనిపించాలి. అచ్చు చుక్కలు కనిపిస్తే అది ముద్రించిన బొమ్మ.

"రోమ్‌లోని పాత గుడి పాంథియన్ మీద రెండు గంట గోపురాలున్నాయి, కాబట్టి అవి కూల్చకముందే చేసింది." గోపురాలు 1880లలో తీసేసిన మాట నిజమే. కానీ కార్యశాలలు పాత ముద్రణచిత్రాలను చూసి మళ్లీ మళ్లీ అవే దృశ్యాలు చేసేవి. గోపురాలు లేకపోతే కొంత ఆధారం, ఉంటే మాత్రం కాలం తేలదు. నేనైతే ముందు ఫలకాన్ని తిప్పి వెనుక చూస్తాను. రాగి పళ్లెమా, నల్లరాయా, అంచు ఎలా కట్టారు అన్న విషయాలు బొమ్మ కంటే ఎక్కువ చెబుతాయి.