పాత కంకర, కొత్త కాంక్రీటు: లెక్క ఎక్కడ తేడా పడింది

పాత మేడను కూల్చినప్పుడు రాలిన స్లాబు ముక్కను సుత్తితో పగలగొట్టి, అందులోని కంకర రాయిని చేతిలోకి తీసుకుంటే దానికి పాత సిమెంటు పెచ్చు అంటుకునే ఉంటుంది. శిథిలాల కంకరతో కాంక్రీటు వేస్తే పర్యావరణానికి ఎంత మేలు అన్న చర్చలో సగం ఆ పెచ్చు గురించే.

సున్నంలో ఇటుక పొడిని, అంటే సుర్కీని, కలపడం మన తాపీ పనివారికి తరతరాలుగా తెలిసిందే. కాంక్రీటులో ఈ పద్ధతి పెద్ద ఎత్తున కనిపించింది రెండో ప్రపంచ యుద్ధానంతర జర్మనీలో. నేలమట్టమైన నగరాల ఇటుక పెళ్లలను నలగ్గొట్టి వాడుతూ, 1951లో దానికొక ప్రమాణం కూడా రాసుకున్నారు. అప్పటి తొందరంతా దిబ్బలు ఎత్తివేయడానికి, ఇళ్లు కట్టుకోవడానికి. కర్బన ఉద్గారాల ఊసు అప్పట్లో లేదు.

మన దేశంలో కాంక్రీటు కంకర, ఇసుకలకు వర్తించే 1970 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 383 పేరులోనే 'సహజ వనరుల నుంచి లభించే' కంకర, ఇసుక అని ఉండేది. 2016 సవరణలో ఆ మాట పోయింది. ఎం25, అంతకంటే తక్కువ గ్రేడు (బలాన్ని సూచించే తరగతి) ఆర్‌సీసీలో, అంటే ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటులో, 20 శాతం వరకు పాత కాంక్రీటు కంకరకు అనుమతి వచ్చింది. నిర్మాణ వ్యర్థాల నియమావళి వెలువడిందీ ఆ ఏడాదే. శిథిలాలను నలగ్గొట్టి తిరిగి వాడకానికి సిద్ధం చేసే ఢిల్లీలోని బురారీ కేంద్రం 2009 నుంచే పనిచేస్తుండగా, హైదరాబాద్‌లో జీడిమెట్ల కేంద్రం 2020లో మొదలైంది.

దీనివల్ల గుట్టలను తొలిచే పని తగ్గుతుంది, చెరువుల్లో శిథిలాలు పోయడమూ తగ్గుతుంది. ఈ లాభాన్ని తక్కువ చేయలేం. కర్బనం సంగతి వేరు. కాంక్రీటు కర్బన భారంలో సింహభాగం సిమెంటుదే, ఎందుకంటే సున్నపురాయిని కొలిమిలో కాల్చి చేసే టన్ను క్లింకరుకు, అంటే సిమెంటు ముడిసరుకుకు, సుమారు 0.8 నుంచి 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, అందులో సగానికి పైగా సున్నపురాయి నుంచే వస్తుంది. ఇక్కడే ఆ పెచ్చు అడ్డం తిరుగుతుంది. అది నీళ్లు పీల్చుకుంటుంది గనుక కంకరను ముందుగా తడపకపోతే మాలు బిగుసుకుపోతుంది, మేస్త్రి మరో బకెట్ నీళ్లు పోయిస్తాడు, బలం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి అదనంగా సిమెంటు వేస్తే, కంకరలో మిగిల్చిన కర్బనం అక్కడే ఖర్చైపోతుంది.

కర్బనాన్ని నిజంగా తగ్గించింది బొగ్గు బూడిద. అమెరికాలో 1948లో మొదలైన హంగ్రీ హార్స్ ఆనకట్టలోనూ, ఆ తర్వాత మన రిహాండ్ ఆనకట్టలోనూ సిమెంటులో కొంత భాగానికి బదులుగా దాన్నే వాడారు. థర్మల్ కేంద్రాల బూడిద వాడకంపై కేంద్రం 1999లో ఉత్తర్వు ఇచ్చింది; నేటి పీపీసీ (బూడిద కలిపిన పోర్ట్‌ల్యాండ్) సిమెంటులో బూడిద 15 నుంచి 35 శాతం వరకు ఉండవచ్చు. అయితే ఆ బూడిదకు పుట్టిల్లు బొగ్గు పొయ్యి. దాన్ని కర్బన భారం లేని సరుకుగా లెక్కగట్టడం ఎంతవరకు సబబన్న ప్రశ్న అలాగే ఉంది.

2025లో ప్రకటించిన కొత్త నిర్మాణ వ్యర్థాల నియమాలు 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చేలా రూపొందాయి. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలపై శిథిలాలను తిరిగి వాడకంలోకి తెచ్చే బాధ్యతను అవి మోపాయి. ఆ బాధ్యతకు కొలమానం మాత్రం శిథిలాల పరిమాణమే, కర్బనం కాదు.