లింకన్ పెన్నీల పాప్ రిపోర్ట్: అపోహలు - వాస్తవాలు

అమెరికా వచ్చాక నాణేల సేకరణలో పడ్డ మనవాళ్లలో చాలామంది లింకన్ పెన్నీ (లింకన్ బొమ్మ ఉన్న ఒక సెంటు నాణెం)తోనే మొదలుపెడతారు. 1909లో మొదలైన నాణెం, చిల్లరలోనే దొరుకుతుంది, ఖర్చు లేదు. కొన్నాళ్లకు ఏదో కాయిన్ షోలో ప్లాస్టిక్ స్లాబ్‌లో సీల్ చేసి, పైన ‘ఎంఎస్ 67 ఆర్‌డి’ అని లేబుల్ ఉన్న పెన్నీ కనిపిస్తుంది. అమ్మేవాడు “పాప్ 12 మాత్రమే” అంటాడు. వెంటనే నాకు మెసేజ్ వస్తుంది: “అన్నా, ప్రపంచం మొత్తంలో పన్నెండే ఉన్నాయంట, తీసేసుకోనా?”

లింకన్ పెన్నీల గ్రేడింగ్ అంకెల్ని నెలనెలా రాసిపెట్టుకోవడం నా పనిలో భాగం. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఒక్క అంకెను తప్పుగా చదివి డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. నాణెం అసలుదా కాదా, ఎంత బాగుంది అని చూసి, అంకె వేసి, స్లాబ్‌లో పెట్టి ఇచ్చే కంపెనీల్లో పెద్దవి రెండు: 1986లో గ్రేడింగ్ మొదలుపెట్టిన పీసీజీఎస్, 1987లో వచ్చిన ఎన్‌జీసీ. వాడే కొలత 1 నుంచి 70 వరకు. విలియం షెల్డన్ 1949లో పాత పెద్ద సెంట్ల కోసం తయారుచేసిన స్కేలు అది. 60, ఆపైన అంటే చేతులు మారి అరిగిపోని నాణెం, అంకె ముందు ఎంఎస్ (మింట్ స్టేట్) అని రాసేది వాటికే. 65, ఆపైన అయితే జెమ్ అంటారు. 67 అంటే గీతలు, దెబ్బలు భూతద్దంలో కూడా చాలా తక్కువగా కనిపించాలి. ఏ సంవత్సరం, ఏ టంకశాల పెన్నీకి ఏ గ్రేడు ఎన్నిసార్లు ఇచ్చారో చెప్పే పట్టికే పాపులేషన్ రిపోర్ట్, అందులోని అంకే పాప్. ఎన్‌జీసీ వాళ్లు దాన్ని సెన్సస్ అంటారు.

అపోహ: పాప్ 12 అంటే ప్రపంచంలో 12 నాణేలే ఉన్నాయి.

వాస్తవం: ఆ గ్రేడు 12 సార్లు ఇచ్చారు అని మాత్రమే. టోల్ గేటు దగ్గర రాసుకునే లెక్కలాంటిది ఇది. ఎన్ని బండ్లు దాటాయో చెబుతుంది గానీ జిల్లాలో ఎన్ని బండ్లున్నాయో చెప్పదు. ఒకే బండి నాలుగుసార్లు దాటితే నాలుగు పడుతుంది, ఇంట్లోంచి కదలని బండి అసలు లెక్కలోకే రాదు.

నాలుగుసార్లు దాటడం ఇక్కడ ఎలా జరుగుతుందో చూడండి. ఒకరి దగ్గర ఎంఎస్ 66 పెన్నీ ఉంది. 66కీ 67కీ ధరలో తేడా చాలా ఉంది. నాణెం చూస్తే 67 వచ్చేలా ఉంది. స్లాబ్ అంచున కటింగ్ ప్లయర్‌తో నొక్కి పగలగొట్టి, నాణేన్ని బయటికి తీసి, కొత్తదానిలా మళ్లీ పంపిస్తారు. మళ్లీ 66 వస్తుంది. మళ్లీ పగలగొడతారు. మూడోసారీ 66, నాలుగోసారి 67 వస్తుంది. ఇప్పుడు ఆ ఒక్క పెన్నీ రిపోర్ట్‌లో 66 కింద మూడు, 67 కింద ఒకటిగా ఉంటుంది. పాత లేబుళ్లను కంపెనీకి తిరిగి పంపిస్తే వాళ్లు ఆ అంకెలు తీసేస్తారు. కానీ ఆ లేబుళ్లు చాలావరకు చెత్తబుట్టలోకే పోతాయి. ఈ పనిని క్రాక్ అవుట్ అంటారు, ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. అందుకే ధర ఒక్కసారిగా పెరిగే గ్రేడుకు సరిగ్గా కింద ఉన్న గ్రేడులో అంకె ఎప్పుడూ ఉబ్బి ఉంటుంది. నేను ఆ గడిని నమ్మను.

కంపెనీ మారినా ఇదే తంతు. ఎన్‌జీసీ స్లాబ్ పగలగొట్టి పీసీజీఎస్‌కి పంపితే, పాత లేబుల్ వెనక్కి వెళ్లేదాకా ఆ నాణెం రెండుచోట్లా ఉంటుంది. కాబట్టి రెండు రిపోర్టులూ కలిపి “మొత్తం ఇన్ని” అని ఎవరైనా చెబితే ఆ కూడిక తప్పు.

అపోహ: తక్కువ ముద్రించిన పెన్నీయే పై గ్రేడులోనూ అరుదు.

వాస్తవం: ఈ రంగంలో నాకు బాగా నచ్చే విషయం ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1909-ఎస్ వీడీబీ పేరు పెన్నీలు పోగుచేసేవాళ్లందరికీ తెలుసు. శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో (ఎస్ గుర్తు దానిదే) 4,84,000 మాత్రమే కొట్టారు. రూపకర్త విక్టర్ డేవిడ్ బ్రెన్నర్ పొడి అక్షరాలు వెనక వైపు మరీ కొట్టొచ్చినట్టు ఉన్నాయని గొడవ లేచి, కొన్ని రోజుల్లోనే వాటిని తీసేశారు. ఆ గొడవ పేపర్లకెక్కడంతో జనం కొత్తగా ఉన్నప్పుడే వాటిని దాచుకున్నారు. అందువల్ల ఎర్రగా మెరిసే జెమ్ నాణేలు డబ్బుంటే ఈరోజు కూడా దొరుకుతాయి. ధర ఎక్కువే, కానీ ఏ పెద్ద వేలంలో చూసినా ఒకటో రెండో ఉంటాయి.

ఇప్పుడు 1926-ఎస్ చూడండి. 45,50,000 కొట్టారు. అంటే దానికి తొమ్మిది రెట్లకు పైనే. అరిగినది కొన్ని డాలర్లకే దొరుకుతుంది. అదే నాణెం పూర్తి ఎరుపుతో ఎంఎస్ 65లో కావాలంటే మాత్రం లింకన్ పెన్నీల్లోకెల్లా కష్టమైన వాటిలో ఒకటి. ఏళ్ల తరబడి వెతికి, చివరికి కొంత ఎరుపు, కొంత గోధుమ రంగున్న రెడ్-బ్రౌన్‌తో సరిపెట్టుకున్న సేకర్తలు ఎందరో ఉన్నారు.

కారణాలు చాలా ఉన్నాయి. 1920ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో, డెన్వర్ టంకశాలల్లో అరిగిపోయిన డైలనే (నాణెం మీద బొమ్మ కొట్టే అచ్చులు) సాగదీసి వాడేవారు. దాంతో లింకన్ గడ్డం, వెనక గోధుమ కంకుల గీతలు మెత్తగా, చెదిరినట్టు పడ్డాయి. పైగా అప్పట్లో కొత్త పెన్నీలను రోల్ (యాభై పెన్నీల చుట్ట) లెక్కన దాచే అలవాటు జనానికి లేదు. నాణేలు గుచ్చుకునే అట్టలు 1930ల్లో మార్కెట్లోకి వచ్చాక, ఆ దశాబ్దం మధ్య నుంచి రోళ్లు దాచడం ఊపందుకుంది. రిపోర్ట్‌లో 1934 దగ్గర నుంచి చూడండి, 66, 67 గడుల్లో అంకెలు ఒక్కసారిగా లావవుతాయి. టంకశాల పనితనం బాగుపడటం ఒక్కటే దానికి కారణం కాదు. దాచేవాళ్లు పుట్టుకొచ్చారు.

1955-ఎస్ దీనికి మరో సాక్ష్యం. శాన్‌ఫ్రాన్సిస్కోలో నాణేల ముద్రణ ఆగిపోతోందని తెలియగానే జనం రోళ్లకు రోళ్లు పక్కనపెట్టారు. ఆ కాలానికి 4,46,10,000 అంటే చిన్న సంఖ్యే. అయినా పై గ్రేడుల్లో అది సులువుగా దొరికే నాణెం.

అపోహ: రిపోర్ట్‌లో అంకె చిన్నదిగా ఉంటే ఆ నాణెం దొరకదు.

వాస్తవం: పంపితేనే కదా లెక్కలోకి వచ్చేది. గ్రేడింగ్ ఫీజు, రానూపోనూ పోస్టేజీ, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే ఒక మామూలు పెన్నీ విలువకు ఎన్నో రెట్లవుతుంది. రెండు డాలర్ల విలువ చేసే 1957 పెన్నీ ఎంఎస్ 64ను ఎవరు పంపుతారు? ఎవరూ పంపరు. అందుకే ఆ గడిలో చిన్న అంకె కనిపిస్తుంది. ఇళ్లలో, బ్యాంకు రోళ్లలో మాత్రం అలాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి.

డీలర్లు పంపే బల్క్ సబ్మిషన్ల సంగతి చాలామందికి తెలియదు. వందల నాణేలు ఒకేసారి పంపుతూ “67 కన్నా తక్కువ వస్తే స్లాబ్ వద్దు” అని ముందే రాసిస్తారు. 66 స్థాయివి స్లాబ్ లేకుండానే వెనక్కి వస్తాయి, రిపోర్ట్‌లో పడవు. పడేవి 67లు, 68లు మాత్రమే. దాంతో కొన్ని ఆధునిక పెన్నీల పట్టిక తలకిందులుగా కనిపిస్తుంది: 67లు ఎక్కువ, 65లు తక్కువ. దాన్ని చూసి 65 అరుదైనదని కొనేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

నిజంగా ఎన్ని మిగిలుంటాయన్న అంచనా కావాలంటే పీసీజీఎస్ వాళ్ల వెబ్‌సైట్ కాయిన్‌ఫ్యాక్ట్స్‌లో ‘సర్వైవల్’ అంచనాలు విడిగా ఇస్తారు. అవి అంచనాలే. కానీ కనీసం అవి ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాయి.

అపోహ: గ్రేడు అంకె ఒకటైతే పెన్నీలన్నీ ఒకటే.

వాస్తవం: రాగి నాణేలకు రంగు కూడా గ్రేడులో భాగం. పీసీజీఎస్ లెక్కలో తొలినాటి ఎరుపు 95 శాతం, ఆపైన ఉంటే ఆర్‌డి (రెడ్), 5 శాతం కన్నా తక్కువ ఉంటే బీఎన్ (బ్రౌన్), మధ్యలోవన్నీ ఆర్‌బి (రెడ్-బ్రౌన్). ఒకే సంవత్సరానికి మూడు వరుసలు ఉంటాయి. “67లో పాప్ 1” అని చూపించి ఆర్‌బి నాణెం అమ్ముతారు. పక్క వరుసలో 67 ఆర్‌డిలు డజన్లలో ఉన్నాయని చెప్పరు. మూడు వరుసలూ చూడకుండా జేబులో చెయ్యి పెట్టకండి.

1943 ఉక్కు పెన్నీలకు ఈ రంగు వరుసలు ఉండవు, అది జింక్ పూత వేసిన ఉక్కు. వాటిలో మరో చిక్కుంది: తళతళ మెరిసే సెట్లు చాలావరకు తర్వాత ఎవరో మళ్లీ పూత వేసినవి. అలాంటివాటికి మామూలు గ్రేడు అంకె రాదు. శుభ్రం చేసినవి, రంగు మార్చినవి కూడా అంతే. ఇంట్లో చింతపండుతో తోమిన పెన్నీ ఎంత మెరిసినా 67 గడిలోకి రాదు.

అపోహ: టాప్ పాప్ (అంతకన్నా పై గ్రేడు దేనికీ రాని నాణెం) కొంటే అది ఎప్పటికీ టాప్ పాపే.

వాస్తవం: ఈ అంకె ఒకవైపే ఎక్కువగా కదులుతుంది, పైకి. ఎవరో పెద్దాయన పెట్టె తెరుస్తారు, అందులో అరవై ఏళ్లుగా విప్పని బ్యాంకు రోల్ ఉంటుంది. యాభై పెన్నీలు, వాటిలో నాలుగు 67లు. మీ ‘పాప్ 3’ ఒక్క వారంలో ‘పాప్ 7’ అవుతుంది. ధర కూడా ఆ వారమే కదులుతుంది.

పైగా 2010లో పీసీజీఎస్ ప్లస్ గ్రేడులు తెచ్చింది, అంటే ఒకే గ్రేడులో మిగతావాటికన్నా బాగున్న నాణేలకు అంకె పక్కన ప్లస్. అంతకుముందు స్లాబ్ చేసిన 67ల్లో ఈరోజు పంపితే 67 ప్లస్ వచ్చేవి ఉన్నాయి, కానీ అవి పాత స్లాబుల్లోనే ఉండిపోయాయి. కాబట్టి ప్లస్ గడిలో ఉన్న చిన్న అంకెను చూసి పెద్ద ధర పెట్టేటప్పుడు, ఆ గడిలోకి రావడానికి ఎన్ని 67లు వరుసలో నిలబడి ఉన్నాయో చూడండి. 67లు వందల్లో ఉంటే ప్లస్ పెరుగుతుంది. 67లే నాలుగుంటే కాస్త ధైర్యంగా ఉండొచ్చు.

నేను లెక్క రాసే పద్ధతి కూడా దీన్నిబట్టే ఏర్పడింది. రిపోర్ట్ పట్టికలో కనిపించేది ఈరోజు అంకె. అందుకే ప్రతి నెలా ఒకే తేదీన ఎక్సెల్ షీట్‌లో సంవత్సరం, టంకశాల, రంగు, 66, 66 ప్లస్, 67, 67 ప్లస్, ఆపైన ఎన్ని అని రాస్తాను. చివరి గడిలో పోయిన నెలకీ ఈ నెలకీ తేడా. ఏళ్లుగా 0, 1, 0 అని నడిచే వరుసలో హఠాత్తుగా 9 పడితే రోల్ తెరుచుకుందన్నమాట, ఆ నాణెం కొనడం కొన్నాళ్లు ఆపుతాను. తేడా మైనస్‌లో వస్తే ఎవరో లేబుళ్లు వెనక్కి పంపారు. 1982కు మాత్రం ఓపిక కావాలి. ఆ ఏడాది మధ్యలో 95 శాతం రాగి పోయి రాగి పూత వేసిన జింక్ వచ్చింది, తేదీ అంకెల్లోనూ పెద్దవి, చిన్నవి ఉన్నాయి. మామూలు రకాలే ఏడు. అన్నీ విడివిడిగా రాయాలి. తూకం వేస్తే రాగిది 3.1 గ్రాములు, జింక్‌ది 2.5.

అపోహ: స్లాబ్‌లో పెట్టాక రంగు మారదు.

వాస్తవం: స్లాబ్ గాలి చొరబడనిది కాదు. తేమ, వేడి ఉన్నచోట పెడితే ఎరుపు తగ్గుతుంది, నల్లచుక్కలు వస్తాయి. రాగి రంగు మీద కంపెనీల గ్యారంటీకి పరిమితులున్నాయి. కొనేముందు ఆ నిబంధన చదవండి. దీనివల్ల రిపోర్ట్‌లోని ఆర్‌డి అంకెలో ఈరోజు ఆర్‌డి అనిపించుకోలేనివి కూడా కొన్ని ఉంటాయి. కొనేది లేబుల్ చూసి కాదు, నాణెం చూసి.

అపోహ: పెన్నీ ముద్రణ ఆపేశారు కాబట్టి స్లాబ్ చేసినవన్నీ పెరుగుతాయి.

వాస్తవం: జనం చేతుల్లోకి వెళ్లే పెన్నీల ముద్రణ 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియాలో ముగిసింది. కానీ చలామణీలో ఇంకా దాదాపు 30,000 కోట్ల పెన్నీలున్నాయని అంచనా. ఈ వార్త తర్వాత పెరిగేది ముందుగా గ్రేడింగ్‌కు పంపేవాళ్ల సంఖ్య. అంటే పాప్ అంకెలు.

ఇక ఇండియా నుంచి అడిగేవాళ్లకు ఒక మాట. నానమ్మ పెట్టెలో దొరికిన బ్రిటిష్ ఇండియా పావు అణాలను కూడా ఈ కంపెనీలు గ్రేడ్ చేస్తాయి, అదే బీఎన్, ఆర్‌బి, ఆర్‌డి వరుసల్లో. వాటి పాప్ చాలా చిన్నగా కనిపిస్తుంది, కారణం పైన చెప్పిందే: పంపినవాళ్లు తక్కువ. అయితే వందేళ్లు దాటిన నాణెం మన 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అనుమతి లేకుండా దాన్ని దేశం దాటించకూడదు, గ్రేడింగ్ కోసమైనా సరే. బంధువుల సూట్‌కేసులో పెట్టి పంపకండి. పాత నాణెం కొంటాం, ముందు ఫీజు కట్టండి అని రిజర్వు బ్యాంకు పేరుతో ఫోన్ వస్తే పెట్టేయండి. ఆ మోసం గురించి బ్యాంకే 2021లో హెచ్చరించింది.