రెండు మ్యాచ్‌ల నిషేధం వెనుక పాతికేళ్లు

బాల్టిమోర్ రేవెన్స్ జట్టు ఆటగాడు రే రైస్‌పై రెండు మ్యాచ్‌ల నిషేధం విధిస్తున్నట్టు అమెరికా నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) 2014 జూలై 24న ప్రకటించింది. ఇది బంతిని చేత్తో విసురుతూ, ఢీకొంటూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. కాబోయే భార్యను కొట్టి స్పృహ తప్పేలా చేసినందుకు పడిన శిక్ష అది. నెల తిరిగేసరికి జోష్ గోర్డన్ అనే మరో ఆటగాడి మీద వేటు పడింది. అతను పట్టుబడింది గంజాయి పరీక్షలో, శిక్ష ఏడాది నిషేధం. ఈ రెండు శిక్షలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. కానీ ఆ లీగ్ పాత రికార్డు తెలిసినవాళ్లకు అందులో పెద్ద వింతేమీ కనిపించలేదు.

కథ 1989 జనవరి 1న మొదలుపెట్టాలి. ఆ తెల్లవారుజామున లాస్ ఏంజెలిస్ పోలీసులు మాజీ ఫుట్‌బాల్ తార ఓ.జె. సింప్సన్ ఇంటికి వెళ్లేసరికి భార్య నికోల్ దెబ్బలతో బయటికి పరుగెత్తుకొచ్చింది. ఇంతకుముందు ఎనిమిదిసార్లు వచ్చారు, ఒక్కసారీ ఏమీ చేయలేదని ఆమె వాళ్లతో అన్నట్టు తర్వాత కోర్టులో ఒక పోలీసు అధికారి సాక్ష్యం చెప్పాడు. సింప్సన్ అప్పటికి ఆట మాని తొమ్మిదేళ్లయింది, ఆ ఆట దిగ్గజాల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కి దాదాపు నాలుగేళ్లయింది. ఆరోపణను అతను సవాలు చేయలేదు. ప్రొబేషన్, 120 గంటల సమాజ సేవ, కొద్దిపాటి జరిమానాతో వ్యవహారం ముగిసింది. మానసిక వైద్యుడి కౌన్సెలింగ్ కూడా ఫోనులో తీసుకునే వెసులుబాటు ఇచ్చారు. అదే ఏడాది ఎన్‌బీసీ టీవీ అతన్ని ఫుట్‌బాల్ వ్యాఖ్యాతగా తీసుకుంది. 1994 జూన్ 12న నికోల్, ఆమె స్నేహితుడు రాన్ గోల్డ్‌మన్ హత్యకు గురయ్యారు. ఆ కేసులో 1995లో సింప్సన్ నిర్దోషిగా బయటపడ్డాడు. 1997లో సివిల్ జ్యూరీ మాత్రం ఆ మరణాలకు అతనే బాధ్యుడని తేల్చింది. హత్య కేసు గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంది. 1989 నాటి కేసు మాత్రం, జరిగినప్పుడు, పత్రికల్లో చిన్న వార్తగా వచ్చి పోయింది.

హింసాత్మక నేరాలపై ఎన్‌ఎఫ్‌ఎల్ తొలి విధానం 1997లో వచ్చింది, అప్పటి కమిషనర్ (లీగ్ అధిపతి) పాల్ టాగ్లియాబు హయాంలో. కోర్టులో నేరం రుజువైతేనో, ఆటగాడే ఒప్పుకుంటేనో లీగ్ చర్య తీసుకోవచ్చన్నది అందులోని సారం. చదవడానికి సబబుగానే ఉంటుంది. అయితే గృహహింస కేసుల్లో రుజువు దాకా వచ్చేవి తక్కువ. ఫిర్యాదు చేసిన స్త్రీ ఆ ఆటగాడి జీతం మీదే బతుకుతుంటుంది, పిల్లలుంటారు, ఊరంతా అతని పేరున్న జెర్సీ వేసుకుని తిరుగుతుంటుంది. ఆమె వెనక్కి తగ్గితే కేసు కూలుతుంది, కేసు కూలితే లీగ్‌కు పని తప్పుతుంది. 2007లో కొత్త కమిషనర్ రోజర్ గుడెల్ నిబంధనలు బిగించి, నేరం రుజువు కాకపోయినా శిక్షించే అధికారాన్ని చేతిలోకి తీసుకున్నాడు. శిక్ష వేసేది కమిషనరే, దానిపై అప్పీలు వినేదీ కమిషనరే. ఇంత అధికారం చేతికొచ్చాక కూడా గృహహింస విషయంలో దాన్ని వాడింది అరుదు.

2012 డిసెంబర్ 1న కాన్సాస్ సిటీ చీఫ్స్ ఆటగాడు జోవాన్ బెల్చర్ తన సహచరి కసాండ్రా పెర్కిన్స్‌ను కాల్చి చంపాడు. ఆమె వయసు 22, వాళ్లకు మూడు నెలల పాప. అక్కడి నుంచి కారులో జట్టు శిక్షణ కేంద్రానికి వెళ్లి, కోచ్ కళ్లెదుటే తననూ కాల్చుకున్నాడు. మరునాడు జరగాల్సిన మ్యాచ్ యథావిధిగా జరిగింది. ఆటకు ముందు గృహహింస బాధితుల కోసం కాసేపు మౌనం పాటించారు.

పద్నాలుగు నెలల తర్వాత రే రైస్ ఘటన. 2014 ఫిబ్రవరి 15, అట్లాంటిక్ సిటీలోని రెవెల్ క్యాసినో. స్పృహ లేని స్త్రీని లిఫ్టులోంచి అతను బయటికి లాగుతున్న వీడియో నాలుగు రోజులకే టీఎంజెడ్ అనే సెలబ్రిటీ వార్తల సైట్‌లో వచ్చింది. మార్చి 27న గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) అభియోగం ఖరారు చేసింది. మరునాడే వాళ్లిద్దరి పెళ్లి జరిగింది. మేలో కోర్టు అతనికి జైలు లేకుండా సంస్కరణ కార్యక్రమంలో చేరే వీలు కల్పించింది. ఆ తర్వాత జట్టు కార్యాలయంలో విలేకరుల సమావేశం పెట్టి భార్యాభర్తలను పక్కపక్కన కూర్చోబెట్టారు. ఆ రాత్రి తన వంతు పాత్రకు చింతిస్తున్నానని ఆమె చెప్పింది. రేవెన్స్ జట్టు ఆ మాటనే తన అధికారిక ట్విటర్ ఖాతాలో పెట్టింది. దెబ్బ తిన్న మనిషి చేత క్షమాపణలాంటి మాట చెప్పించి, దాన్ని ప్రచారంలో పెట్టాలని ఎవరికి తోచిందో గాని, ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా రోత పుట్టించే ఘట్టం అదే. జూన్‌లో కమిషనర్ రైస్‌ను విచారించినప్పుడు కూడా ఆమెను అతని ఎదుటే అదే గదిలో కూర్చోబెట్టారు. ఎక్కడైనా మొదటి తరగతి పోలీసు శిక్షణలోనే వద్దని చెప్పే పద్ధతి అది.

ఆ రెండు మ్యాచ్‌ల శిక్ష అలా వచ్చింది. జట్టు శిక్షణ శిబిరంలో రైస్ కనిపించగానే అభిమానులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈఎస్‌పీఎన్ వ్యాఖ్యాత స్టీఫెన్ ఎ. స్మిత్, స్త్రీలు రెచ్చగొట్టకుండా ఉండాలన్న ధోరణిలో మాట్లాడి వారం పాటు తెరకు దూరమయ్యాడు. విమర్శలు ముదిరాక ఆగస్టు 28న గుడెల్ జట్ల యజమానులకు లేఖ రాసి తన నిర్ణయం సరికాలేదని ఒప్పుకున్నాడు. ఇకపై మొదటి తప్పుకు ఆరు మ్యాచ్‌లు, రెండోసారి అయితే శాశ్వత బహిష్కారం అన్నాడు.

సెప్టెంబర్ 8న లిఫ్టు లోపలి వీడియో బయటపడింది. పిడికిలి, దెబ్బ, ఆమె తల రెయిలింగ్‌కు తగిలి కూలిపోవడం అందరూ చూశారు. అదే రోజు రేవెన్స్ రైస్‌ను తీసేసింది, లీగ్ నిరవధికంగా సస్పెండ్ చేసింది. కొద్ది రోజులకు వేలాదిమంది అతని జెర్సీలు తిరిగిచ్చి వేరేవి తీసుకున్నారు. అతను కొట్టాడన్నది ఫిబ్రవరి నుంచీ అందరికీ తెలిసిన విషయమే. కొత్తగా జరిగిందల్లా అది జనం కంట పడటం. నవంబర్ 28న, రైస్ అప్పీలును విన్న మాజీ జడ్జి బార్బరా జోన్స్ కూడా ఇదే పట్టుకుని, ఒకే తప్పుకు రెండోసారి శిక్షించడం చెల్లదని నిరవధిక సస్పెన్షన్‌ను రద్దు చేశారు. ఎఫ్‌బీఐ మాజీ డైరెక్టర్ రాబర్ట్ మ్యూలర్ విచారణలో లీగ్ కార్యాలయానికి ఆ వీడియో ముందే అందినట్టు ఆధారం దొరకలేదు. అయితే దాన్ని సంపాదించడానికి లీగ్ చేయాల్సినంత ప్రయత్నం చేయలేదని ఆ నివేదిక స్పష్టంగా చెప్పింది. రైస్ మళ్లీ లీగ్‌లో ఆడలేదు. ఏ జట్టైనా తీసుకుంటే ఆ ఏడాది జీతమంతా గృహహింస నివారణ సంస్థలకే ఇస్తానని 2016లో అన్నా ఎవరూ పిలవలేదు.

ఇలాంటి ప్రతి కేసులోనూ ఒక వాదన వినిపిస్తుంది: దెబ్బలాటే వృత్తిగా పెరిగినవాడు ఇంటికొచ్చి మారిపోవడం కష్టం కదా అని. ఆ ఆట నియమాలు చూసినవాళ్లు ఈ మాట అనలేరు. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) చేతిలోంచి బంతి వెళ్లిపోయాక అతన్ని ఢీకొంటే 15 గజాల పెనాల్టీ. పూర్తి వేగంతో దూసుకొస్తున్న 120 కిలోల మనిషి రెప్పపాటులో తనను తాను ఆపుకోవాలి, ఆపుకుంటాడు కూడా. రిఫరీ మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. నిగ్రహం చిన్నప్పటి నుంచీ నేర్పిన విద్యే. అతిక్రమిస్తే వెంటనే నష్టపోతామని తెలిసినచోట దాన్ని పాటిస్తాడు.

నష్టం ఎంత అన్నదే తర్వాతి కేసుల్లోనూ చిక్కుముడి. మాజీ ప్రియురాలిపై దాడి చేశాడన్న గ్రెగ్ హార్డీ అనే ఆటగాడి కేసులో జడ్జి దోషి అన్నారు. జ్యూరీ విచారణకు అప్పీలు చేశాక ఫిర్యాదీ అందుబాటులో లేక కేసు కొట్టివేశారు. లీగ్ వేసిన పది మ్యాచ్‌లు మధ్యవర్తి దగ్గర నాలుగయ్యాయి. ఈలోగా డాలస్ కౌబాయ్స్ జట్టు అతన్ని తీసుకుంది. 2020 ఒప్పందంతో, తొలి తీర్పును లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి నియమించే అధికారికి అప్పగించారు. ఆ అధికారిగా మాజీ జడ్జి సూ రాబిన్సన్ ముందుకు వచ్చిన మొదటి పెద్ద కేసు డెషాన్ వాట్సన్ అనే ఆటగాడిది. ఇరవై మందికి పైగా మసాజ్ థెరపిస్టులు అతనిపై లైంగిక దుష్ప్రవర్తన దావాలు వేశారు, అతను ఖండించాడు, గ్రాండ్ జ్యూరీలు నేరాభియోగం మోపలేదు. 2022లో రాబిన్సన్ ఆరు మ్యాచ్‌లు అన్నారు. లీగ్ అప్పీలు చేశాక 11 మ్యాచ్‌లు, 50 లక్షల డాలర్ల జరిమానాకు రాజీ కుదిరింది. అతన్ని తీసుకున్న క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు అప్పటికే 23 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చి, నిషేధం పడే మొదటి ఏడాది మూల జీతాన్ని పది లక్షల చిల్లరకే పరిమితం చేసింది. ఆడని మ్యాచ్‌లకు కోత పడేది ఆ మూల జీతంలోనే.

మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చిన సందర్భం 2018 మార్చి. ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ షమీపై భార్య గృహహింస ఆరోపణలు చేసినప్పుడు, అతను వాటిని ఖండించినప్పటికీ, బీసీసీఐ అతని వార్షిక కాంట్రాక్టును పక్కన పెట్టింది. ఆరోపణల్లో డబ్బు చేతులు మారిందన్న మాట కూడా ఒకటుంది. దాన్ని తేల్చమని బోర్డు తన అవినీతి నిరోధక విభాగాధిపతి నీరజ్ కుమార్‌ను అడిగింది. అందులో ఏమీ లేదని ఆయన నివేదిక ఇవ్వగానే, అదే నెలలో, ‘బి’ గ్రేడ్ కాంట్రాక్టు ఖరారైంది. గృహహింస ఫిర్యాదు కోల్‌కతా పోలీసుల దగ్గర, కోర్టుల్లో ఉండిపోయింది.