ధర్మాబాద్ రైతుకు అన్నీ తెలిసొచ్చిన ఆ నెల

మళ్లీ రుణమాఫీ గొడవ, మళ్లీ మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దున ఉన్న ధర్మాబాద్, బిలోలి వైపు "ఏ పార్టీ మనది కాదు" అనే మాట. 1956లో నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రం నుంచి బొంబాయి వైపు ఎలా పోయింది, గోదావరి మీద బాబ్లీ బ్యారేజీ గేట్ల కథేంటి, ఇవన్నీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా లెక్కలో అసలు సంగతంతా 2023లో ఒక్క నెలలో ఉంది.

దానికి ముందు ఒక్క ముక్క. 2018 మేలో తెలంగాణలో రైతుబంధు మొదలైంది, ఎకరానికి పంటకు 4 వేలు, తర్వాత 5 వేలు. ధర్మాబాద్‌లో రైలెక్కితే కాసేపట్లో బాసర. అక్కడ వియ్యంకుడి ఖాతాలో డబ్బులు పడుతుంటే ఇక్కడాయన ఎన్నాళ్లని చూస్తూ కూర్చుంటాడు? ఆ ఏడే మమ్మల్ని తెలంగాణలో కలపండని సరిహద్దు ఊళ్లు అడిగాయి. మాటలొచ్చాయి, ఎకరానికి పైసలు రాలేదు.

2023 ఫిబ్రవరి 5న నాందేడ్‌లో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ సభ, తన బీఆర్ఎస్ పార్టీని మహారాష్ట్రలోకి తేవడానికి. మార్చి 9న మహారాష్ట్ర బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి ఫడ్నవీస్ ప్రకటన, రైతుకు కేంద్రమిచ్చే 6 వేలకు తోడు ఏటా ఇంకో 6 వేలు. కాకతాళీయమే అనుకుందాం. కానీ ఎదురుగా ఇంకో దుకాణం తెరిస్తేనే మన షావుకారు దిగొస్తాడని ఇక్కడివాళ్లకు అప్పుడే అర్థమైంది.

ఆ దుకాణమూ నిలవలేదు. 2023 డిసెంబరులో కేసీఆర్ సొంత రాష్ట్రంలో ఓడిపోయారు, 2024 లోక్‌సభకి ఇటు పోటీయే చేయలేదు, చేరిన నాయకులు తలో దారి పట్టారు. (అక్కడ కౌలురైతుకు రైతుబంధు దక్కలేదన్న సంగతి కూడా ఇక్కడ చాలామందికి ఆలస్యంగానే తెలిసింది లెండి.)

పోటీ పోయాక ఏమైందో చూడండి. 2024 అసెంబ్లీ ఎన్నికల్లో మాఫీ హామీ ఇచ్చి గెలిచిన బీజేపీ కూటమి నుంచే 2025 మార్చిలో అప్పటి ఆర్థిక మంత్రి అజిత్ పవార్ ఆ నెల 31లోపు పంట రుణాల బాకీలు కట్టేయమన్నారు. తర్వాత వరదలు. ఖజానా పరిస్థితి చూడాలి కదా అంటుంది ప్రభుత్వం, 31,628 కోట్ల వరద సాయం ప్యాకేజీ కూడా చూపిస్తుంది. 2025-26లో సోయాకు మద్దతు ధర క్వింటాలుకు 5,328 అని కాగితం మీద ఉంది. యార్డులో అడ్తిదారు తేమ కొలిచే మిషన్‌లో గింజలు పోసి తేమ ఎక్కువంటాడు, బాగా ఎండిందని రైతు ఒక గింజ పంటికింద టక్కున కొరికి వినిపిస్తాడు, రేటు మాత్రం మిషన్ చెప్పిందే. 2025 అక్టోబరులో నాగపూర్‌లో రైతులు రోడ్డు ఆపాకే 2026 జూన్ 30లోగా మాఫీ తేలుస్తామన్న మాట వచ్చింది.

"సాత్‌బారా కోరా" అన్నది ఇప్పటి నినాదం, అంటే పొలం కాగితం మీద బ్యాంకు బాకీ రాతే ఉండకూడదని. మొన్న యార్డులో ఒకాయన సోయా సంచి మూతికి బీఆర్ఎస్ గులాబీ కండువా కట్టుకొచ్చాడు. ఎప్పటిదంటే, నాందేడ్ జిల్లా లోహాలో జరిగిన కేసీఆర్ సభలో ఇచ్చిందన్నాడు. బట్ట మాత్రం గట్టిదేనట.