పంటను వంటగా చదివిన యంత్రం

పర్లాకిమిడిలో మా ఇంటి పెట్టె తెరిస్తే రెండు లిపులు బయటపడతాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమయ్యేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది. అందుకే తాతయ్య కాగితాలు తెలుగులో, నాన్నవి ఒడియాలో ఉన్నాయి. పాత అచ్చు నోటీసు ఒకటి ఫొటో తీసి అక్షరాలుగా మార్చమంటే, ఫోను ‘పంట భూమి’ని ‘వంట భూమి’ అని చదివింది.

ఈ రెండక్షరాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ‘ప’కి తలకట్టు పైన విడిగా తేలుతుంది. ‘వ’కి ఒంటికి అంటుకుని ఉంటుంది. ఆ కాస్త సందే తేడా. యంత్రం ముందుగా ఫొటోలోని మసక చుక్కల్లో ఏవి నలుపో, ఏవి తెలుపో తేల్చుకోవాలి. 1979లో నొబుయుకి ఓట్సు చెప్పిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది: నలుపు, తెలుపు గుంపులు వీలైనంత ఎడంగా విడిపోయే మసక స్థాయి దగ్గర గీటు గీయడం. సిరా పాకిన కాగితం మీద ఆ గీటు కొంచెం జరిగినా సందు పూడిపోతుంది.

ఇంత ఇబ్బంది పెట్టిన ఆ సందే మరోచోట ఆదుకుంది. గుణింతాలూ ఒత్తులూ కలిస్తే తెలుగులో దాదాపు 10,000 ఆకారాలు. అన్నిటినీ యంత్రానికి నేర్పడం ఎవరి తరం? హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2001లో అక్షరాన్ని పక్కనపెట్టి, విడివిడిగా కనబడే ముక్కల్ని పట్టుకున్నారు. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. లెక్క 370కి దిగింది! నాకు ఎంతో నచ్చిన ఆలోచన ఇది. సుమారు 92 శాతం సరిగ్గా వచ్చింది. అంటే యాభై గుర్తులున్న వరుసలో నాలుగు తప్పులు.

ఉదాహరణలు చూసి నేర్చుకునే ఇప్పటి ప్రోగ్రాములు, న్యూరల్ నెట్‌వర్కులు, వరుసంతా ఒకేసారి చూస్తాయి. ఫొటోలోని అక్షరాలు చదివే ‘టెసరాక్ట్’ అనే సాఫ్ట్‌వేర్‌కి 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ అలాంటిదే. ‘భూమి’ ముందు ‘వంట’ అరుదని ఇవి ఉదాహరణల నుంచి పట్టుకోగలవు. కానీ ఊరిపేర్ల దగ్గర అదే అలవాటు చేటు చేస్తుంది. ఎన్నడూ చూడని పేరును తెలిసిన మాటగా మార్చేస్తాయి.

మా పెట్టెలో ఇంకో చిక్కుంది. ఒడియా ‘ఠ’ ఉత్త గుండ్రటి సున్నా, అచ్చం మన సున్నాలాగే. కాబట్టి ఏ లిపో తేలకుండా ఏ అక్షరమో తేలదు.

చేతిరాత మరీ కష్టం. తాతయ్య దస్తావేజులో తూర్పు హద్దు ‘గెడ్డ’, అంటే వాగు. ఆ డ-ఒత్తు కిందికి సాగి, తర్వాతి వరుసలోని గుడి గుర్తును తాకింది. ఫోను రెండు వరుసల మధ్య అడ్డంగా కోసి ‘గెడ’ అంది. హద్దు కాగితంలో ఆ ఒత్తు పోకూడదు. అందుకే ఇప్పుడు ఒక్కో వరుస ఫొటో పక్కనే సరైన పాఠం టైపు చేస్తున్నాను. యంత్రం నేర్చుకునేది అలాంటి జంటల నుంచే. తాతయ్య చేతిరాత అమ్మకే బాగా తెలుసు. ఆమె చదువుతుంటే నేను రాస్తున్నాను.